పది నిమిషాలు

జీతాలు పడ్డాయో లేదో తెలుసుకోవడానికి నాకు క్యాలెండర్ అక్కర్లేదు. ఫోనే చెబుతుంది. నెల మొదటి వారంలో అచ్యుతాపురం లేడీస్ హాస్టళ్ల నుంచి ఒకటే బిర్యానీ ఆర్డర్లు. నలుగురమ్మాయిలు, రెండు బిర్యానీలు, "అన్నా, రైతా ఎక్కువ పెట్టించండి" అని ఫోను. బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టే పిల్లలు. 20వ తేదీ దాటిందంటే ఆ వీధిలోనే బండి మీద కూర్చుని ఈగలు తోలుకోవాలి. వాళ్ల ఓవర్‌టైమ్ పోతే నా పెట్రోలు ఖర్చు కూడా రాదు.

మంచి రోజున ఈ పని బాగానే ఉంటుంది. పైన ఎవడూ నిలబడి అరవడు. పూడిమడక వైపు వెళ్తే సముద్రపు గాలి తగులుతుంది. కానీ డబ్బు లెక్క వెళ్లే దూరానికే. ఖాళీగా తిరిగొచ్చే దూరం నా సొంతం. దార్లో ట్యాంకర్లు, దుమ్ము, వానొస్తే గుంతలు. 2020లో చేసిన సామాజిక భద్రత చట్టంలో మాలాంటి వాళ్లకి 'గిగ్ వర్కర్' అని పేరు పెట్టారు. యాప్‌లో 'భాగస్వామి' అంటారు. ఇంటి దగ్గర అడిగితే "బండి తోలుతున్నాడు" అంటుంది మా అమ్మ.

యాప్‌లో ఒక రూలుంది. కస్టమర్ ఫోను ఎత్తకపోతే పది నిమిషాలు ఆగాలి. తర్వాత 'అందుబాటులో లేరు' అని బటన్ నొక్కి వెళ్లిపోవచ్చు. మొదట్లో నేను ఆ బటన్ కోసం సెకన్లు లెక్కపెట్టేవాణ్ణి.

2024 ఆగస్టు 21న, మధ్యాహ్నం భోజనాల వేళ, సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. ఆ సాయంత్రం రోడ్డు మీద ఎవర్ని చూసినా చెవి దగ్గర ఫోనే. ఒకాయన టీకొట్టు ముందు నిలబడి ఒకే నంబరు మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. ఆయన ఎవరో, అవతల ఎవరో నాకు తెలీదు. అడగలేకపోయాను.

తర్వాతి ఏడాది వర్షాకాలంలో ఒక రాత్రి ఫార్మాలో పనిచేసే కుర్రాడి గదికి ఆర్డరొచ్చింది. రోటీ, ఎగ్ కర్రీ. ఫోను రింగవుతోంది, ఎత్తడం లేదు. పది నిమిషాలయ్యాయి. బటన్ వెలిగింది. ఈలోగా ఇంకో ఆర్డరొచ్చింది, దగ్గరే, డబ్బులూ ఎక్కువే. దాన్ని వదిలేశాను. వేలు బటన్ మీదకి వెళ్లలేదు.

మెట్లెక్కి తలుపు కొట్టాను. పలకలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. కింద నుంచి ఇంటి ఓనరామ్మ వచ్చింది.

"ఎవులు బాబూ, ఆ బాదుడేటి?"

"ఫోనెత్తట్లేదమ్మా. లోపల ఏమైనా..."

మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. ఆవిడకీ అర్థమైంది కాబోలు, నాకంటే గట్టిగా బాదింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడు. లుంగీ, ఎర్రబడ్డ కళ్లు, చెంప మీద దిండు గీతలు. రెండు డ్యూటీలు వరసగా చేసొచ్చి, ఆర్డర్ పెట్టి, అలాగే పడుకుండిపోయాడట.

"నిద్దరోతున్నోడ్ని లేపీసినావు కదేటి బాబూ!" అని ఆవిడ నన్నే తిట్టింది. తిట్టనీ అనిపించింది. పార్సెల్ చేతికిచ్చి దిగిపోయాను. అరగంటకి పైగా పట్టిన ఆ ఆర్డరుకి నాకొచ్చింది ముప్పై రూపాయల లోపే. పోగొట్టుకున్న ఆర్డర్ గుర్తొచ్చి తర్వాత ఏడుపూ వచ్చింది, అబద్ధం చెప్పడమెందుకు?

వాన తగ్గాక ఫోను తీసి చూస్తే అమ్మవి నాలుగు మిస్డ్ కాల్స్. బండి మీదుంటే నేను ఎత్తను. ఎప్పుడూ ఇంతే. ఈసారి బండి పక్కకి ఆపి నేనే చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఎంతసేపట్నించి చేస్తన్నాన్రా, ఎత్తవేటి?"