వంట అయింది, వడ్డనే లేదు

"కొత్తది ఎప్పుడొస్తుంది?" అని అడిగితే "సిద్ధమైనప్పుడు" అనడం ఓపెన్ సోర్స్ వాళ్ళ పాత అలవాటు. డెబియన్ 3.0 వచ్చింది 2002 జూలైలో. తరవాతి 3.1 కోసం 2005 జూన్ దాకా ఆగాల్సొచ్చింది. లినక్స్ కెర్నెల్‌దీ అదే వరస: 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చింది 2003 డిసెంబర్లో. ఆ జవాబులో నిజాయితీ లేకపోలేదు. జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని చేసేవాళ్ళని గడువు పెట్టి ఎవరు నిలదీస్తారు?

అలాంటి ఒక చిన్న ప్రాజెక్టుకి నేను కొన్నేళ్ళుగా తెలుగు అనువాదం చేస్తున్నాను. అంతా కలిపి ఆరేడుగురం. పోయిన విడుదల జరిగి 14 నెలలు దాటింది. పని ఆగిందా అంటే, లేదు. వత్తు చెరపబోతే అక్షరం మొత్తం చెరిగిపోయే తప్పుని ఒకబ్బాయి 8 నెలల కిందటే సరిచేశాడు. ఆ సవరణ మా కోడ్‌లో భద్రంగా ఉంది. దీంతోనే ప్రశ్నపత్రాలు టైప్ చేసుకునే ఒక తెలుగు మాష్టారు మాత్రం ఇప్పటికీ చెరిపి మళ్ళీ కొట్టుకుంటున్నారు. వంట అయింది, వడ్డనే లేదు.

అందుకే ఇకనుంచి మూడు నెలలకోసారి విడుదల చేద్దామన్న మాట వచ్చింది. తేదీ పెట్టుకుంటే తొందర పెరుగుతుందని కొందరి భయం. నేను చూసినంతలో తేదీ తెలియనప్పుడే తొందర ఎక్కువ. ఇప్పుడు ఎక్కకపోతే మళ్ళీ ఎప్పటికో అని ప్రతివాళ్ళూ సగం ఉడికిన పనిని ఆఖరి నిమిషంలో దూరుస్తారు. దాన్ని సరిచెయ్యడానికో నెల, ఆ నెలలో ఇంకొకరు ఇంకోటి. పది నిమిషాలకో బస్సు ఉన్న ఊళ్ళో ఫుట్‌బోర్డు మీద వేలాడే అవసరమేముంది? వచ్చే సంచిక ఎప్పుడో తెలిసిన రచయిత కథని ఇంకోసారి దిద్దుకుంటాడు.

గ్నోమ్ వాళ్ళు ఆరు నెలల పద్ధతికి ఎప్పుడో మారారు. ఒక ఫీచర్ సిద్ధం కాకపోతే ఆ ఫీచరే ఆగాలి, విడుదల ఆగకూడదన్నది అందులో కీలకం. ఉబుంటు అయితే తేదీనే పేరు చేసుకుంది: 2004 అక్టోబర్లో వచ్చింది కాబట్టి 4.10. 2006 ఏప్రిల్లో రావాల్సింది జూన్‌కి జరిగితే 6.06 అయింది. ఆలస్యం పేరులోనే ఉండిపోయింది. లినక్స్ కెర్నెల్ కూడా ఇప్పుడు తొమ్మిది పది వారాలకోసారి వస్తోంది. మొదటి రెండు వారాలు కొత్తవాటికి తలుపు తెరిచి ఉంటుంది, ఆ తరవాత సవరణలే.

అనువాదకుడిగా నాకు కావాల్సింది మరొకటుంది, స్ట్రింగ్ ఫ్రీజ్. అంటే తెరమీద కనిపించే మాటల్ని ఫలానా రోజు తరవాత ఎవరూ మార్చకూడదన్న కట్టుబాటు. విడుదల తేదీ లేకపోతే ఆ ఫలానా రోజూ ఉండదు. ఆఖర్లో చేరిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు తెలుగు మెనూల మధ్య పంటికింద రాళ్ళలా తగులుతాయి. మొదటిసారి తెలుగులో వాడి చూద్దామనుకున్న మనిషి విసుక్కుని ఇంగ్లీషుకి మార్చేసుకుంటాడు. ఇక వెనక్కి రాడు.

"ఏడాదికి నాలుగుసార్లు ఆ చాకిరీ ఎవరు చేస్తారు?" అన్నారు మా ప్రాజెక్టు చూసుకునే పెద్దాయన. ప్యాకేజీలు కట్టడం, మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పరీక్షించడం, ఏమేం మారాయో రాయడం, అన్నీ ఇప్పటిదాకా ఆయనొక్కరే, శని ఆదివారాల్లో. న్యాయమైన ప్రశ్నే. ఆయన అలిసిపోతే విడుదలలే కాదు, ప్రాజెక్టే ఉండదు.

నాలుగు నెలలకోసారి చాలన్నాను. తలా ఒకసారి వంతు వేసుకుందాం, ఆఖరి రెండు వారాలు మాటలు ముట్టుకోవద్దు, మొదటి వంతు నాది అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. పోయిన వారం మాత్రం విడుదలకి చెయ్యాల్సిన పనులన్నీ వరసగా రాసి పంపారు. 17 తేలాయి. అందులో అయిదింటికి పాస్‌వర్డులు ఆయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేవు. తేదీ మాట తరవాత. ముందు ఆ అయిదూ ఇంకొకరి చేతికి రావాలి.