ఎన్ని చానళ్లు కావాలి?

మిక్సర్ కొనాలనుకున్నప్పటి నుంచి మనసులో ఒకటే లెక్క. మొగల్తూరులో సంక్రాంతికి వేదికెక్కే మా జట్టుకి రెండు కీబోర్డులు, ఒక రిథమ్ ప్యాడ్, ఒక ల్యాప్‌టాప్. నాలుగే కదా అనిపిస్తుంది. స్టీరియోలో ఒక్కోదానికి ఎడమా కుడీ రెండు వైర్లు. ఎనిమిది చానళ్లు అక్కడికే సరి. పాడేవాళ్ల మైకులు రెండు కలిస్తే పది.

1985లో రోలాండ్ ఆక్టాప్యాడ్ వచ్చాక డోలక్, తబలా, ఘటం అన్నీ ఎనిమిది రబ్బరు పలకల్లోకి చేరడం మొదలైంది. ఇలాంటి ఎలక్ట్రానిక్ వాద్యాలకి మైకు ప్రీయాంప్ అక్కర్లేదు, లైన్ ఇన్‌పుట్ చాలు. మిక్సర్‌లో నేను ముందు వెతికేది ప్రీ-ఫేడర్ ఆక్స్ సెండ్. అదుంటే జనానికి వెళ్లే ధ్వని తగ్గించినా, మన పక్కనున్న మానిటర్‌లో తాళం చెదరదు.

పేరుపాలెం తీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. పోయిన పండగకి పల్లవి మధ్యలో, ఉప్పు పట్టిన ఫేడర్ జరిపితే గరగరమంది. పాడుతున్న పిల్ల గొంతు తడబడింది. ఆ క్షణం నేను మరిచిపోలేదు.

అందుకే నా మాట: బొమ్మల తెరలూ, ఎఫెక్టులూ తర్వాత. అవసరానికి మించి రెండు చానళ్లు, మెత్తగా జరిగే ఫేడర్లు, పైన కప్పడానికి మందపాటి గుడ్డ. ఇవి చూసుకునే కొనండి.