పీరుకు మొక్కు, మనిషికి అనుమానం

మత సామరస్యం మాట వచ్చినప్పుడల్లా మా ప్రాంతంవాళ్ళం ముందుగా చూపించేది పెనుకొండలోని బాబయ్య స్వామి దర్గాను. ఉరుసుకు హిందువులూ వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. పొరుగున గూగూడు పీర్ల పండుగలో కుళ్ళాయిస్వామికి చక్కెర చదివించనివారు అరుదు. ఆ స్వామి పేరు పిల్లలకు పెట్టుకునే హిందూ కుటుంబాలు ఎన్నో. ఇదంతా నిజమే; చిన్న సంగతి కూడా కాదు. కాని ఇంతటితో తృప్తి పడటం అభ్యుదయవాదులకు తగదని నా అభిప్రాయం.

ఎందుకంటే, సమాధిలో ఉన్న ఫకీరును గౌరవించడం సులభం. ఆయన ఇల్లు అద్దెకు అడగడు, ఉద్యోగానికి పోటీ రాడు.

నా దగ్గర చదువుకున్న ఒక ముస్లిం యువకుడు ఉద్యోగం వచ్చి మా పట్టణంలో ఇల్లు వెతుక్కున్నాడు. తోడుగా నేనూ వెళ్ళాను. అద్దె కుదిరేది, అడ్వాన్సు కుదిరేది. పేరు చెప్పగానే "ఇంట్లో అడిగి చెబుతాం" అనేవారు. మూడిళ్ళలో ఇదే జవాబు. అందులో ఒక ఇంటివారు ఏటా ఉరుసుకు వెళ్ళే భక్తులే!

ఇది కేవలం అనుభవం నుంచి పుట్టిన భయమా? కాదు. స్విట్జర్లాండులో 2009 నవంబరు 29న కొత్త మినార్లను నిషేధించాలని 57.5 శాతం ఓటర్లు తీర్పు చెప్పారు. అప్పటికి ఆ దేశం మొత్తంలో ఉన్న మినార్లు నాలుగే. అక్కడ వలస వచ్చినవారన్న సాకైనా ఉంది. ఇక్కడ అదీ లేదు. మన దూదేకులవారు ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"వాళ్ళను బుజ్జగిస్తున్నారు" అనే మాట కూడా తరచు వింటాం. ముస్లింలు చదువులో, ఉద్యోగాల్లో ఎంత వెనుకబడి ఉన్నారో సచార్ కమిటీ 2006లో లెక్కలతో చూపింది. బుజ్జగింపు ఫలితం వెనుకబాటుతనమే అయితే, ఆ బుజ్జగింపు ఎవరికి కావాలి? కరువు నేలలో ఉద్యోగాలు కొద్ది. ఆ కొరతకు కారణం పక్కింటివాడేనని నమ్మించేవారికి మాత్రం ఈ మాట బాగా పనికివస్తుంది.

ఖాదర్ మొహియుద్దీన్ ఈ అనుమానం మీదనే 1991లో 'పుట్టుమచ్చ' రాశారు. ఈనాడు తరగతిలో దానిని గురించి మాట్లాడితే విద్యార్థులెవరికీ అది పాత సంగతిగా తోచదు. ఇది కవికి గౌరవం కావచ్చు, మనకు మాత్రం కాదు.

మన సంఘాలు మత సామరస్య సభలు జరుపుతూనే ఉన్నాయి. వచ్చేవారిలో ఉపాధ్యాయులు, సొంత ఇళ్ళున్నవారు తక్కువేమీ కాదు. ఉపన్యాసాలకు ముందు వారిని ఒక ప్రశ్న అడగాలి: మీ ఇంటి రెండో భాగం ఎవరికి అద్దెకిచ్చారు?