మూడు కొండల సైకిలు పందెము

సైకిలునెక్కి పోవు స్త్రీలను మీరు చూచియే యుందురు. సైకిలును భుజమున వేసికొని కొండయెక్కు స్త్రీలను చూచియుండరు. ఇంగ్లండులోని యార్కుషైరు ప్రాంతమునకు కాపురము వచ్చినవరకు నేనును చూడలేదు. చూచి ఊరకుండక, కొన్నియేండ్ల క్రిందట నేనును అట్లెక్కితిని. గెలుపు కథ కాదిది. ఆ సీమ యెట్టిదో, అచ్చట నాకేమి జరిగెనో చెప్పెదను.

ఈ జాతి పందెమును సైక్లోక్రాసు అందురు. ఆకురాలు కాలమునను చలికాలమునను పొలములలో, తోపులలో, బురదలో నడచును. మామూలుగా మూడు కిలోమీటర్ల చుట్టును మరల మరల తిరిగెదరు. త్రోవకడ్డముగా పలకలు నిలిపియుంతురు. అచ్చట దిగి, బండినెత్తుకొని దాటి, పరుగెత్తుచునే మరల ఎక్కవలెను. ఫ్రాన్సు దేశమున 1902లోనే దీనికి జాతీయపోటీ జరిగినది. పురుషులకు ప్రపంచపోటీ 1950లో పారిసు నగరమున మొదలయ్యెను. స్త్రీలకో, 2000వ సంవత్సరమున గాని మొదలుకాలేదు! నెదర్లాండ్సులో జరిగిన ఆ మొదటి పోటీలో జర్మనీ వనిత హంకా కుప్ఫర్‌నాగెల్ గెలిచెను. బురదబట్టలుతుకుట ఏనాటినుండియో మన పనియే. ఆ బురదలో పోటీపడుటకు మాత్రము ఏబదియేండ్లు వేచియుండవలసి వచ్చినది.

నేను పేరిచ్చినది చుట్టుపందెము కాదు. 1961లో మొదలైన ‘త్రీ పీక్స్’ అను కొండల పందెము. ఇంగిల్‌బరో 723 మీటర్లు, వెర్న్‌సైడు 736, పెనిగెంటు 694. మన తిరుమలకంటె ఎత్తు తక్కువే. కాని మూడింటిని వరుసగా ఎక్కిదిగి, నడుమ రోడ్లతో కలిపి 61 కిలోమీటర్లు పోవలెను. మందపు టైర్ల కొండసైకిళ్ళు పనికిరావు. పొట్టేలుకొమ్ములవలె వంగిన హాండిలుండవలెను. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లు మించరాదని అప్పటి నియమము. ఇంతేకాక ప్రతివారివద్దను ఒక ఈలయు, మనిషి పట్టునంత సంచియు ఉండితీరవలెను. కొండమీద గాయపడి కదలలేనివారు సహాయము వచ్చువరకు ఆ సంచిలో దూరి వెచ్చగా పడియుండవలెనట! ఆ నియమము చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మా అత్తగారు ఫోనులో సంగతి విని, “బండి నిన్ను మొయ్యాలి గాని, నువ్వు బండిని మొయ్యడమేమిటే అమ్మాయ్?” అనిరి. నాకు బదులు తోచలేదు. మోయుట యొక విద్య. కుడిచేతిని చట్రము నడుమ దూర్చి, పైకమ్మిని భుజమున నానించి, ఆ చేతితోనే హాండిలును పట్టవలెను. బిందెను చంకనెత్తినట్లు నడుము ప్రక్కకు వంచినచో పదియడుగులకే నొప్పి. పాతచీర మడిచి మెత్తకుట్టి భుజమున పెట్టుకొని, రెండునెలలపాటు మా వీధిమెట్లమీద ఎక్కిదిగితిని. ప్రక్కయింటివారు మొదట జాలిపడి, పిదప అలవాటుపడిరి.

పందెమునాడు హెల్విత్ బ్రిడ్జి అను చోటికి వందలకొలది జనము చేరిరి. మణికట్టుకు కాలము గుర్తించు చిన్న పనిముట్టును కట్టిరి. హార్టన్ గ్రామముమీదుగా కొంతదూరము రోడ్డున పోయి, గిల్‌గార్తువద్ద పొలములోనికి తిరిగితిమి. అచ్చటినుండి సైమన్‌ఫెల్ అను గట్టు. దానిని కొండ యనుటకంటె గడ్డిమొలచిన గోడ యనుట మేలు. ఎవరును తొక్కుటలేదు. ముందున్నవారి మడమలు నా ముఖమునకెదురుగా నుండెను. ఒకచేత బండి, ఒకచేత గడ్డిదుబ్బు. మాటలులేవు, ఊపిరులు మాత్రము వినబడుచుండెను.

ఇంగిల్‌బరో శిఖరమున పొగమంచు. ఆ సీమ అడుగంతయు సున్నపురాయి. ఆ కొండప్రక్కనే గేపింగ్ గిల్ అను బిలములో సెలయేరొకటి సుమారు 100 మీటర్లు భూమిలోనికి దూకును. నీరింత సులభముగా దిగిపోవుచోట ఊబి యెట్లుండునని నేననుకొనెడిదానను. పైనున్న బంకమన్నును, ఏండ్లతరబడి నానిన నల్లని కసవుమన్నును నీటిని పట్టియుంచునట. కోల్డ్‌కోట్సు వైపు దిగునప్పుడు ఆ సంగతి చక్కగా తెలిసినది: ముందుచక్రము ఇరుసువరకు దిగబడెను, నేను హాండిలుమీదుగా అవతల పడితిని. నెరసిన జుట్టుగల ఒకామె నన్ను లేవనెత్తి, “నల్లని బురదకు భయపడకు. లేతపచ్చని నాచును నమ్మకు, అక్కడే లోతెక్కువ” అని చెప్పి సాగిపోయెను. తరువాత పచ్చని చోటెల్ల చుట్టుతిరిగి పోతిని.

అటుపిమ్మట రోడ్డు, చాపెల్‌లెడేలు పల్లె. చిన్న చర్చి, చుట్టును చెట్లు. 1870 తరువాత ఆ దగ్గర రైలుదారి వేయునప్పుడు ప్రమాదములవలనను మశూచికమువలనను చనిపోయిన కూలీలు, వారి భార్యలు, బిడ్డలు రమారమి 200 మంది ఆ ప్రాంగణమున పూడ్చబడిరి. అచ్చట నిలుచుటకు నాకు తీరికలేదు. ఆ తరువాత మరియొక దినమున పోయి చూచితిని.

వెర్న్‌సైడునకు నిట్రముగా రాతిమెట్లు కలవు. పెందలకడ తిన్న అన్నము ఎప్పుడో అరిగిపోయినది. జేబులోని నువ్వులుండలు రెండు నమలుచు ఎక్కితిని. మూడుకొండలలో ఎత్తైనదానిని ఎక్కితినన్న గర్వము కొంత కలిగినమాట నిజము. దాని ఫలము దిగునప్పుడే దక్కినది. పరచిన రాతిపలకల నడుమనున్న నీటికాలువను చూడక వేగముగా పోవుటచే వెనుకటైరు రాతికంచుకు కొట్టుకొని పంక్చరయ్యెను. కొత్తట్యూబు సంచి యడుగున, దానిమీద ఈల, ప్రాణరక్షణసంచి, నువ్వులుండలు! అన్నియు గడ్డిమీద పరచి, వ్రేళ్ళు కొంకర్లుపోవుచుండ టైరూడదీసి, మార్చి, గాలికొట్టునప్పటికి ఇరువది నిమిషములు గడచినవి. పంటింట నాకు డబ్బాలు సర్దుటలో పేరున్నది. ఆ దినమున మాత్రము సర్దుట రాలేదు.

రిబుల్‌హెడ్డున 24 కమానుల రైలువంతెన కలదు. దాని క్రిందుగా వచ్చి రోడ్డెక్కునప్పటికి అచ్చటి పెద్దమనిషి చేయెత్తి నన్నాపెను. నియమితకాలము తొమ్మిది నిమిషములు మించినది. ఇక మూడవకొండకు పోనీయరు. వాదించుటకు నోరు తెరచితిని. కాని కొండపైనున్న పొగమంచును చూచి మూసికొంటిని. చీకటిపడువేళకు పైన చిక్కుకొన్నవారిని వెదకుటకు పోవలసినది ఈయనవంటివారే గదా. ఆయనకొక నువ్వులుండ నిచ్చితిని. ఆయన తిని, ఇదేమి పదార్థమని యడిగి, తయారుచేయు విధము చీటిమీద వ్రాసికొనిరి. నాకు మాత్రము గొంతు పూడుకొనిపోయి బెల్లపుపాకము సంగతి సరిగా చెప్పలేకపోతిని.

రోడ్డువెంట హార్టన్ వచ్చితిని. పెనిగెంటునకు ఎక్కువారును దిగువారును రాతిగోడల నడుమనున్న ఒక్క సందులోనే యెదురుపడుచుండిరి. ఆ నెరసినజుట్టు ఆమె దిగుచు నన్ను చూచి, ఏమైనదని సైగచేసెను. నేను వెనుకటైరును చూపితిని. ఆమె తలపంకించి, చేయూపి, మలుపు తిరిగెను.

ఆ రాత్రి అత్తగారు ఫోనుచేసి, “ఎన్ని కొండలెక్కావే?” అని యడిగిరి. రెండని చెప్పితిని. “మూడోది?” అనిరి. ట్యూబు కథ చెప్పితిని. కొంతసేపూరకుండి, “అయితే ఆ ట్యూబు మార్చడం ముందు నేర్చుకో” అనిరి.

భుజమున కమ్మిగీత వారముదినములుండెను. ఆ చలికాలమంతయు, రాత్రి వంటయిల్లు కడిగినపిమ్మట అక్కడే నేలమీద కూర్చుండి గడియారము ముందుంచుకొని చక్రమూడదీసి బిగించుచుంటిని. సంక్రాంతినాటికి ఆరునిమిషములకు వచ్చినది. ఇప్పుడు ట్యూబు సంచి పైభాగముననే పెట్టుచున్నాను.