ఖాళీ వదిలి రాయడం

హోటల్లో పనిచేస్తూ తెలుగులో నవలలు రాసిన మనిషి ఎవరంటే ముందు శారద పేరే చెప్పాలి. అసలు పేరు నటరాజన్. 1924లో పుదుక్కోటలో పుట్టిన తమిళుడు. చిన్నతనంలోనే తెనాలి వచ్చి, హోటళ్ళలో సర్వర్‌గా బతుకుతూ, సొంతంగా తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులోనే ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ లాంటి నవలలూ బోలెడన్ని కథలూ రాశారు. మూర్ఛరోగం, పేదరికం రెండూ ఆయన్ని వదల్లేదు. 1955 ఆగస్టు 17న, ముప్పై దాటీ దాటకుండానే పోయారు. ఆయన స్నేహితుడు, తనూ హోటల్ పని చేసిన ఆలూరి భుజంగరావు ఆ బతుకునంతా ‘సాహిత్య బాటసారి శారద’ అని పుస్తకంగా రాశారు.

బోనకల్‌లో ఒక టిఫిన్ హోటల్లో దోశల పెనం దగ్గర నిలబడే నాకు ఆ పుస్తకం ధైర్యాన్నిచ్చింది. దాంతోపాటే ఒక చిక్కునూ చూపించింది. శారద రాసింది తను రోజూ చూస్తున్న తెనాలి గురించి. టేబుళ్ళ దగ్గర విన్న మాట, వీధిలో చూసిన మనిషి ఆయనకు కథలయ్యాయి. నేను రాయాలనుకున్న నవల మాత్రం నేను పుట్టకముందటిది. 1947, 48ల్లో నైజాం ఇలాకాకూ ఇంగ్లీషు ఇలాకాకూ మధ్య సరిహద్దు మా ఊళ్ళకు కూతవేటు దూరంలో ఉండేది. ఇటు మాది నిజాం రాజ్యం, అటు కృష్ణా జిల్లా. 1889లో సికిందరాబాదు నుంచి బెజవాడ దాకా పూర్తయిన రైలు దారి ఆ సరిహద్దును దాటుకుంటూ పోయేది. ఆ దారి పక్కన ఒక కాఫీ హోటల్, అందులో పనిచేసే ఒక కుర్రాడు. నవల అంతే. కానీ ఆ కుర్రాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం ముట్టుకున్నాడో, ఏం లెక్కపెట్టాడో తెలియాలంటే చదవాలి, తిరగాలి, అడగాలి.

తీరిక ఉన్నవాళ్ళు ముందు పరిశోధన చేస్తారు, తర్వాత రాస్తారు. హోటల్ పనిలో ఆ వరస సాగదు. తెల్లారుజామున నాలుగింటికి షట్టర్ ఎత్తితే పదిన్నర దాకా పెనం చల్లారదు. మధ్యాహ్నం భోజనాల రద్దీ. సాయంత్రం బజ్జీలు, మళ్ళీ దోశలు. మిరప కోతల రోజుల్లో అయితే కూలీల ఆటోలు కదిలే లోపు పార్శిళ్ళు కట్టి ఇవ్వాలి, అప్పుడు ఊపిరి తిప్పుకునే సందు కూడా దొరకదు. రాత్రి ఇంటికి చేరాక కాళ్ళ పిక్కలు పట్టేస్తాయి. ఆ ఒంటితో పుచ్చలపల్లి సుందరయ్య గారి ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం’ లాంటి పెద్ద గ్రంథం తెరిస్తే పేజీ తిరగకముందే కళ్ళు మూతపడతాయి. ఖమ్మం లైబ్రరీకి వెళ్ళాలన్నా, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్ళాలన్నా సెలవు దొరకాలి, సెలవంటే కూలి పోవాలి.

అలాంటి ఒంటికి పెద్ద ప్రశ్నలు పనికిరావని తెలుసుకున్నాను. ‘నిజాం కాలంలో సరిహద్దు జీవితం ఎలా ఉండేది’ అన్న ప్రశ్నను పెనం దగ్గర మోయలేం. ‘రైలు దిగినవాడు కాఫీకి ఏ నాణెం ఇచ్చాడు’ అన్న ప్రశ్నను మోయగలం. ఇలాంటి చిన్న ప్రశ్నలు పుస్తకాలు తిరగేస్తే పుట్టవు. రాస్తుంటే పుడతాయి. అందుకే తెలియనిచోట ఆగిపోకుండా ఖాళీ వదిలి, పక్కన సున్నా చుట్టి ముందుకు పోవడం అలవాటు చేసుకున్నాను. కుర్రాడు చేయి చాపాడు, ప్రయాణికుడు ఏదో ఇచ్చాడు, ఆ ‘ఏదో’ దగ్గర సున్నా. సన్నివేశం పూర్తయ్యాక చూస్తే, నేను తెలుసుకోవాల్సినవన్నీ ఆ సున్నాల్లోనే ఉంటాయి. అంతకు మించి ఒక్కటి కూడా అక్కర్లేదు.

నాణెం సంగతే చెబుతాను, నవలకు అది వెన్నెముక అయింది కాబట్టి. మా హోటల్‌కి పొద్దున్నే వచ్చి రెండిడ్లీ తిని, సగం గ్లాసు టీ తాగిపోయే పెద్దాయన ఒకరున్నారు. ఎనభై దాటాయి. పార్శిల్ రద్దీ తగ్గాక ఆయన పక్కన కూర్చుని అడిగాను, “తాతా, నైజాం కాలంలో మీ నాయన బెజవాడ పోతే ఏ పైసలు పట్టుకుని పోయేవాడు?”

“కల్దారు మార్పించుకుని పోయేటోడు,” అన్నారాయన. “మన హాలీ రూపాయి ఆడ ఎవడు తీసుకుంటడు? మార్చేకాడ మనకే నష్టం బిడ్డా. ఎప్పుడూ మనకే.”

‘మనకే నష్టం’ అన్న ఆ మాటలో కోపముంది. తండ్రి ముఖంలో చూసిన కోపం కొడుకు గొంతులో ఇంకా అలాగే ఉంది. లెక్క కోసం మాత్రం పుస్తకం దగ్గరికే పోవాలి. కల్దారంటే సరిహద్దు అవతల చెల్లే రూపాయి, హాలీ అంటే మా నిజాం రూపాయి. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి సరిహద్దు దాటితే ఏడో వంతు తరిగిపోయేది. హైదరాబాదు విలీనమయ్యాక కూడా హాలీ నాణేలు వెంటనే పోలేదు, 1959 దాకా చేతులు మారుతూనే ఉన్నాయి. పెద్దాయన చెప్పిన బాధా పుస్తకం చెప్పిన లెక్కా కలిశాక నా కుర్రాడికి ఒక పని దొరికింది. గల్లాపెట్టెలో రెండు గళ్ళు, ఒకదాంట్లో హాలీ, ఒకదాంట్లో కల్దారు. చిల్లర ఇచ్చేటప్పుడు గళ్ళు తారుమారైతే ఆ నష్టం వాడి జీతంలో కోత. నవలలో గొడవ అక్కడ మొదలవుతుంది. ముందే నాలుగు పుస్తకాలు చదివి కూర్చుంటే హాలీ సిక్కా మీద ఒక పేరా రాసేవాణ్ణేమో గానీ ఆ గల్లాపెట్టె మాత్రం తట్టేది కాదు.

కాలం లెక్కల్లోనూ అలాంటి సున్నా ఒకటి పడింది. నిజాం సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరాలు ఉంటాయి. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది, కానీ వాళ్ళ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి అన్నమాట. ఇది తెలిశాక రెండు అధ్యాయాల వరస మారిపోయింది.

రాసే పనిలో కూడా హోటల్ తన పద్ధతిని నేర్పింది. పెనం మీద నీళ్ళు చల్లి, సగం కోసిన ఉల్లిగడ్డతో నూనె రుద్ది, గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతోనే తిప్పుకుంటూ అంచుదాకా పరుస్తాను. చేతులకు పిండి, నూనె. ఫోన్ ముట్టుకోలేను, పెన్ను పట్టుకోలేను. ఆ సమయంలో ఒక వాక్యం తడితే దాన్ని నోట్లోనే తిప్పుకోవాలి. కౌంటర్ నుంచి ‘రెండు ప్లెయిన్, ఒక ఉల్లి’ అని కేక వస్తుంది, వాక్యం చెదిరిపోతుంది, మళ్ళీ పట్టుకుంటాను. రద్దీ తగ్గి చేతులు కడుక్కునేసరికి అందులో మిగలాల్సిన మాటలే మిగులుతాయి. పదిన్నరకూ పన్నెండుకూ మధ్య దొరికే విరామంలో వాటిని పాత బిల్లుబుక్కుల వెనక రాసుకుంటాను. ఆ వేళలో కొత్తగా ఏదీ చదవను. చదవడం, అడగడం వారానికొక సెలవు రోజున. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే రెండూ చెడతాయి.

ఇలా చెబుతున్నానని కష్టమే రచనకు పెట్టుబడి అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. శారద ఆకలిని గొప్పగా చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఆయనకు మందులు అంది, కడుపునిండా తిండి ఉంటే ఇంకో ముప్పై ఏళ్ళు రాసేవారు. తెలుగు నవలకు ఆ ముప్పై ఏళ్ళు లేకుండా పోయాయి. బెంగాలీలో మనోరంజన్ బ్యాపారి ఉన్నారు. రిక్షా తొక్కుతుండగా రచయిత్రి మహాశ్వేతాదేవి పరిచయమైతే, 1981లో ఆమె నడిపే ‘బర్తికా’ పత్రికలో ఆయన మొదటి రచన వచ్చింది. తర్వాత కోల్‌కతాలో బధిర పిల్లల బడిలో ఏళ్ళ తరబడి వంట చేస్తూ పుస్తకాలు రాశారు. ఆయన వంటపని చేసినందుకు రచయిత కాలేదు. అంత పనిలోనూ రాయడం మానలేదు, రాసినదాన్ని అచ్చువేసే చేయి ఒకటి దొరికింది. హోటల్ కార్మికుడికి వారానికొక జీతం కోయని సెలవు, ఊళ్ళో సాయంత్రం దాకా తెరిచి ఉండే ఒక లైబ్రరీ ఉంటే ఎన్ని పుస్తకాలు వస్తాయో నేను ఊహించగలను.

సరిహద్దు నవలతోపాటు మా హోటల్ మనుషుల మీద కథలు కూడా రాస్తున్నాను. వాటిల్లో సున్నాలు తక్కువ. గిన్నెలు కడిగే అక్క చేతుల పగుళ్ళు నాకు తెలుసు, సప్లయర్ కుర్రాడు ఎవరికి ఫోన్ చేస్తాడో తెలుసు. వాళ్ళ బతుకుల్ని వాళ్ళకు చెప్పకుండా కాగితం మీద పెట్టకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. అందుకే కథ పూర్తవగానే మధ్యాహ్నం మూడింటికి, అందరం తినే వేళ, చదివి వినిపిస్తాను. వద్దంటే తీసేస్తాను.

అలా చదివే అలవాటు నవలకూ పాకింది. ఈ మధ్య కుర్రాడి రాత్రి గురించి రాసిన అధ్యాయం వినిపించాను. తొమ్మిదింటికి హోటల్ కట్టేసి, స్టేషన్ అరుగు మీద పడుకుని, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల గురించి జనం చెప్పుకునే మాటలు వింటాడు. మా వంట మాస్టర్ తింటూ తింటూ ఆగాడు.

“అప్పుడు గ్రైండర్ ఉందా?”

“లేదు మాస్టరూ.”

“మరి పొద్దున ఇడ్లీకి పిండి ఎవరు రుబ్బిన్రు? రోలు కాడ కూసుంటే అర్ధరాత్రి దాక లేవరు. తొమ్మిదింటికి పండుకునే పిల్లగాడు హోటల్లో యాడున్నడు?”

ఆయన చిన్నతనంలో ఖమ్మంలో ఒక హోటల్లో రుబ్బురోలు తిప్పాడు. నానిన బియ్యం, మినుములు ఎంతెంత, పొత్రం ఎటు తిప్పాలి, నిద్ర ముంచుకొస్తే ఏం చేసేవాళ్ళు, అన్నీ కంచం ముందే చెప్పుకుపోయాడు. నేను ఎడంచేత్తో బిల్లు కాగితం మీద గీసుకున్నాను. ఆ అధ్యాయాన్ని తిరగరాస్తున్నాను. కుర్రాణ్ణి అరుగు మీంచి లేపి రోలు దగ్గర కూర్చోబెట్టాను, రజాకార్ల మాటలు ఇప్పుడు వాడికి పొత్రం చప్పుడులో సగం సగం వినిపిస్తున్నాయి. సగమే విన్నాడు కాబట్టి తెల్లారి తప్పు మనిషిని హెచ్చరిస్తాడు. ఆ తర్వాతి అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదు, అందులో వాడు సరిహద్దులో సుంకం వసూలు చేసే కరోడ్గిరి నాకా దాటాలి.