కొలిమి పనికి పేరూ ధరా



వచ్చే ఉగాది ప్రదర్శనలో ముగ్గులు, కుట్లు, అల్లికలు, పిల్లల బొమ్మలతో పాటు కొలిమిలో కొట్టి చేసిన ఇనుప బొమ్మలు కూడా పెట్టాలని కమిటీలో మేం నలుగురం ప్రతిపాదించాం. మొన్నటి మీటింగులో దాని మీద మూడు ప్రశ్నలొచ్చాయి. ఇనుప సామాను సంతలో దొరుకుతుంది కదా, దానికి ప్రదర్శనెందుకని ఒకరు అడిగారు. వెల్డింగు షాపులో ఇంతకంటే నున్నగా చేసిస్తారని ఇంకొకరన్నారు. అయిదు వేలు పెట్టి ఇనుప బొమ్మ ఎవరు కొంటారన్నది మూడోది. మూడూ అడగాల్సిన ప్రశ్నలే. అప్పటికే భోజనాల వేళ దాటడంతో పూర్తిగా మాట్లాడుకోవడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగైనా ఓపిక పట్టి చదవండి.

ముందు మన సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడే దాకా మన జయపురం, కోరాపుట్ అంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. ఆ రోజుల్లో ఘాటీ ఎక్కి వచ్చిన మనవాళ్ళ గురించి సభల్లో చెప్పుకునేటప్పుడు వ్యాపారులు, గుమస్తాలు, మాస్టార్ల పేర్లే వస్తాయి. వాళ్ళ బళ్ళ చక్రాలకు పట్టాలు వేసినవాళ్ళు, నాగళ్ళకు కర్రులు కొట్టినవాళ్ళు కూడా వాళ్ళ వెనకే వచ్చారు. మనం కమ్మరి అంటాం, ఒడియావాళ్ళు కమార్ అంటారు, కన్నడంలో కమ్మార, సంస్కృతంలో కర్మార. పనికి ఇన్ని భాషల్లో పేరుంది గానీ, పని చేసిన మనిషి పేరు రాసిపెట్టడం అరుదు.

కోణార్క్ వెళ్ళినవాళ్ళు అక్కడ ఉన్న ఇనుప దూలాలు చూసే ఉంటారు. 13వ శతాబ్దంలో కట్టిన గుడివి. వాటిలో పెద్దది సుమారు 35 అడుగులుంటుంది. దాన్ని కరిగించి పోత పోయలేదు. చిన్న చిన్న ఇనుప ముద్దల్ని కాల్చి, ఒకదానికొకటి ఆనించి, కొట్టి అతికారు. రాయి చెక్కిన పన్నెండు వందల మంది శిల్పుల కథ ఒడిశాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ దూలాలు కొట్టినవాళ్ళ కథ మాత్రం మేం ఎవరి నోటా వినలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. సంతలో దొరికేది ప్రదర్శనకు ఎలా పనికొస్తుంది? మన పొరుగునే ఉన్న బస్తర్ చూడండి. జగదల్పూర్ దాటాక కొండగావ్ చుట్టుపక్కల ఊళ్ళలో కమ్మరులు పాత ఇనుము కాల్చి, కొట్టి, లేళ్ళు, డోలు వాయించే మనుషులు, దీపపు సెమ్మెలు చేస్తారు. వాళ్ళ తాతలు చేసింది కూడా గొడ్డళ్ళు, కొడవళ్ళు, దేవుడి గుళ్ళకి దీపాలే. ఈ రోజు ఆ పనికి ‘బస్తర్ ఇనుప కళ’గా జీఐ గుర్తింపు ఉంది. పెద్ద నగరాల ఎంపోరియాల్లో అమ్ముడుపోతోంది. గొడ్డలి కొట్టిన చేతులే లేడి కొమ్ముల్ని సన్నగా సాగదీశాయి. మధ్యలో జరిగిందల్లా ఎవరో దాన్ని బల్ల మీద పెట్టి, దీపం వేసి చూపించడం.

ఇక మన సంగతికి వద్దాం. మన వీధుల్లో ఒకప్పుడు మూడు కొలుములుండేవి, ఇప్పుడు ఒక్కటి మిగిలింది. ఆ పెద్దాయన్ని మేమంతా మావయ్యా అనే పిలుస్తాం. ట్రాక్టర్లు వచ్చాక కర్రుల పని పోయింది, కొడవళ్ళు కూడా అంగట్లో రెడీమేడ్‌వి వస్తున్నాయి. వానలకు ముందు దాగలి పాత ఇనుముకు అమ్మేస్తానని ఆయన సంక్రాంతికే చెప్పారు. వాళ్ళ అబ్బాయి గ్రిల్స్, గేట్లు చేసే వెల్డింగు షాపు పెట్టుకున్నాడు, బాగానే నడుస్తోంది. ఈ ప్రతిపాదన పెట్టడానికి ముందు ఒక నమూనా ఉండాలనుకుని, ఏం చేస్తారో మీ ఇష్టం అని మేం మావయ్యనే అడిగాం. ‘‘నాకు బొమ్మలు రావురా, పనిముట్లే వచ్చు’’ అన్నారు మొదట. రెండ్రోజుల తర్వాత ఆయనే కబురు పెట్టారు.

ఆయన ఎంచుకున్నది తప్పెటగుళ్ళ కళాకారుణ్ణి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మన ఇళ్ళలో ఎవరికీ వివరించక్కర్లేదు. ఛాతీ మీద రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, గెంతు మధ్యలో ఉన్న మనిషి. ఎత్తు ఒకటిన్నర అడుగు. లారీ కమాను పట్టీ తెస్తామంటే వద్దన్నారు. అది గట్టి ఉక్కు, కత్తికీ కొడవలికీ బాగుంటుంది గానీ చీల్చి మెలిపెట్టాలంటే మొండికేస్తుంది, నీళ్ళలో ముంచితే పెళుసెక్కుతుంది. అంగుళం మందం మెత్తని ఇనుప నలుపలక కడ్డీ తెమ్మన్నారు.

కడ్డీ కింది కొసను కాల్చి ఉలితో నిలువునా చీలిస్తే రెండు కాళ్ళయ్యాయి. పైన రెండు పక్కలా చీల్చి విడదీస్తే చేతులయ్యాయి. మధ్యలో మిగిలిన కొసను కాల్చి నెత్తిన కొడితే పొట్టిగా, లావుగా అణిగి తల అయింది. ఇనుము నారింజ రంగులో ఉన్నంతసేపే మాట వింటుంది. చల్లారి నల్లబడ్డాక బలవంతాన వంచితే పగులుతుంది. తెల్లబడి రవ్వలు చిమ్మిందంటే ఇనుము కాలిపోతున్నట్టే. పొయ్యిలోంచి తీశాక దొరికేది కొన్ని క్షణాలు, అంతలో నాలుగైదు దెబ్బలు, మళ్ళీ బొగ్గుల్లోకి. ఎత్తిన మోకాలి ఒంపు ఒక్కదానికే పదకొండు సార్లు కాల్చారు, మేం పక్కన కూర్చుని లెక్కపెట్టాం. చివర్లో వైరు బ్రష్షుతో తోమి, వేడి ఉండగానే అవిసె నూనె పూస్తే నల్లగా పట్టింది. ఏటా ఒకసారి నూనె గుడ్డతో తుడిస్తే మన వానలకు కూడా తట్టుకుంటుందట.

రెండో ప్రశ్నకు జవాబు ఆ కొలిమి దగ్గరే దొరికింది. తప్పెటను ఛాతీకి ఎలా బిగించాలన్న దగ్గర తండ్రీ కొడుకులకు మాటా మాటా వచ్చింది. ‘‘రెండు చుక్కలు వెల్డింగు పెడితే అయిపోద్ది కదా నాన్నా’’ అన్నాడు అబ్బాయి. ‘‘రివిట్ కొడితే వందేళ్ళుంటాది, అది కనపడితే తప్పేటి?’’ అన్నారు ఆయన. గంటసేపు ఎవరూ తగ్గలేదు. ఆఖరికి తప్పెటకు రివిట్ పడింది. ఒంటికాలి మీద నిలబడాల్సిన బొమ్మ ఒరిగిపోకుండా కింద పలకకు పాదాన్ని అబ్బాయి వెల్డింగు చేశాడు. చేసి, ఆ మచ్చ కనపడకుండా గ్రైండరు పెట్టబోతే ఈసారి మావయ్యే ఆపారు. ‘‘నీ పని కూడా కనపడనీ’’ అన్నారు. కొడుకు వెల్డింగు పనిని ఆయన ‘పని’ అనడం మేం వినడం అదే మొదటిసారి.

కాబట్టి వెల్డింగుకు మేం వ్యతిరేకం అనుకోకండి. స్పెయిన్‌కు చెందిన జూలియో గొంజాలెజ్ అనే శిల్పి బార్సిలోనాలో లోహపు పనివాళ్ళ ఇంట పుట్టి, తండ్రి పనిశాలలోనే పని నేర్చాడు. గ్యాస్ వెల్డింగు నేర్చింది ఫ్రాన్సులో రెనో కార్ల ఫ్యాక్టరీలో. ఇనుముతో శిల్పాలు చేయడంలో పికాసోకు తోడ్పడింది ఈయనే. 1937 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో స్పెయిన్ భవనం దగ్గర ఆయన చేసిన ‘మోంసెరాట్’ నిలబెట్టారు. చంకలో బిడ్డ, చేతిలో కొడవలి ఉన్న పల్లెటూరి తల్లి, ఇనుప రేకులు కొట్టి, వెల్డింగుతో అతికి చేసిన మనిషెత్తు బొమ్మ. పికాసో ‘గెర్నికా’ ఉన్నది కూడా ఆ భవనంలోనే. సుత్తి దెబ్బా, వెల్డింగు మచ్చా దాచకుండా చూపించిన బొమ్మల్ని ప్రపంచం గౌరవించింది. నున్నగా లేదన్న కారణంతో మనం పక్కన పెట్టడం మాకు సబబుగా తోచలేదు.

మూడో ప్రశ్న డబ్బు. ఎంతివ్వాలని అడిగితే మావయ్య ‘‘మీకు తోచింది ఇవ్వండి’’ అన్నారు. ఆ మాట మాకు నచ్చలేదు. తోచింది ఇవ్వడం మొదలుపెడితే చివరికి మిగిలేది శాలువా, చప్పట్లు. అందుకని కూర్చుని లెక్క రాశాం. ఆయనకు మూడు రోజులు, రోజుకు 800 చొప్పున 2400. సమ్మెట కొట్టిన మనిషికి రోజుకు 500 చొప్పున 1500. బొగ్గులు 800. ఇనుము, రివిట్లు, నూనె కలిపి 300. మొత్తం 5000. ఇందులో లాభం లేదు, అబ్బాయి కూలి లేదు, కొలిమి అద్దె లేదు. ఎక్కువన్నవాళ్ళు ఈ లెక్కలో ఏది తగ్గించాలో చెప్పండి.

మా ప్రతిపాదనలు ఇవి. బొమ్మ పక్కన కార్డు మీద తండ్రి పేరు, కొడుకు పేరు, సమ్మెట కొట్టినవాడి పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. ధర కూడా రాయాలి, బేరం ఉండకూడదు. హాలు బయట ఖాళీ స్థలంలో చిన్న కొలిమి పెట్టించి, పిల్లల్ని తగినంత దూరంలో కూర్చోబెట్టి పని చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏటా అతిథులకు, విద్యార్థులకు మనం కొనే గాజు షీల్డుల బదులు ఈసారి కొలిమిలో చేసిన చిన్న దీపపు సెమ్మెలు ఇవ్వాలి. పన్నెండు కావాలి. ఆ ఆర్డరు ఇప్పుడే వెళ్తే వానల దాకా కొలిమికి పని ఉంటుంది. ఆ తర్వాత దాగలి అమ్మాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం. కనీసం పని లేక అమ్ముకున్నారన్న మాట మన వీధిలో రాకూడదని మా కోరిక.

వచ్చే ఆదివారం సాయంత్రం సర్వసభ్య సమావేశంలో దీని మీద చేతులెత్తి నిర్ణయిస్తాం. తప్పెటగుళ్ళ బొమ్మను ఆ రోజు టేబుల్ మీద పెడతాం. దూరం నుంచి చూసి వెళ్ళిపోకండి, చేతుల్లోకి తీసుకోండి. బరువుంటుంది, రెండు చేతులతో పట్టుకోండి.