చక్రతీర్థం ఒడ్డున ఖాకీ చొక్కా

ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని. ఇప్పుడు వంశధార ఒడ్డున ప్రశాంతమైన పల్లె. శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు వెళితే శ్రీముఖలింగం. ముఖలింగేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల శిల్పసంపద చూడటానికి రెండు కళ్లూ చాలవు. శివరాత్రి ఉత్సవాల చివర చక్రతీర్థ స్నానాలకైతే ఏటి నిండా జనమే!

‘లోతుకెళ్లిపోకండమ్మా’ అని ఒడ్డున అరిచే ఖాకీలందరూ పోలీసులు కాదు, వాళ్లలో హోంగార్డులూ ఉంటారు. 1946లో బొంబాయి అల్లర్ల వేళ పుట్టిన ఈ దళం, 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా విస్తరించింది. చట్టం దృష్టిలో వీళ్లు స్వచ్ఛంద సేవకులు. జీతం కాదు, డ్యూటీ చేసిన రోజుకే భత్యం. చాలామందికి ఇల్లు గడిచేది దాంతోనే.

ఈసారి వెళ్లినప్పుడు మీ పిల్లాణ్ని ఆపితే విసుక్కోకండి. పండగపూట వాళ్ల పిల్లలు ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు.